వృద్ధాప్యములో పక్షవాతము – కాలము విలువ

తెలుగు బోధించువారు వైద్య విషయమును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. మేము వైద్యులము కాము. వైద్యులు వ్రాసినవి చదివి, వారిని అడిగి తెలిసికొన్నదానిని మాత్రమే ఇక్కడ పొందుపరుస్తున్నాము. ఇందుకు పూనుకొనుటకు రెండు కారణములు గలవు. మా తరగతులలో కూర్చొను విద్యార్థులలో పలువురి ఇండ్లలో వయస్సు మీరిన తాతలు, అవ్వలు, దాదీలు, నానీలు ఉన్నారు. ఇది మొదటి కారణము. రెండవది మా ఇంటిలోనే జరిగిన ఒక సంగతి. దానిని మొదటనే చెప్పి, పిదప విషయములోనికి ప్రవేశిస్తాము.

మా ఇంటిలో జరిగినది

2016వ సంవత్సరపు చలికాలము. మా నానీకి అప్పుడు 82 ఏండ్లు. ఆ వయస్సులోను తన బియ్యము తానే ఏరుకొనేది, తన బట్టలు తానే ఉతుకుకొనేది. ఒకనాడు తెల్లవారుజామున 5 గంటలకు వజూ కొరకు లేచినది. చేతిలోని లోటా జారి పడినది. ఆ చప్పుడునకు మేమందరము లేచి చూచునప్పటికి ఆమె కుడిచేయి వ్రేలాడుతున్నది. మూతి ఎడమ ప్రక్కకు లాగినది. ఏదో చెప్పబోతున్నది గాని మాట రావడము లేదు.

ఇల్లంతయు పోగైనది. ఒకరు తేనె కలిపిన నీళ్ళు నోటిలో పోశారు. ఆమెకు పొలమారి ఉక్కిరిబిక్కిరి అయినది. పొరుగువారొకరు పావురపు రక్తము పూయవలెనన్నారు. పెద్దవారొకరు, "ఎనభై దాటిన మనిషి, ఈ వయసులో ఆస్పత్రుల చుట్టూ తిప్పి బాధపెట్టడం ఎందుకు? కాస్త పడుకోనివ్వండి" అన్నారు. ఆ మాట దయతో అన్నదే. చదువుకొన్నవారమైన మేమును దానికి ఎదురు చెప్పలేదు. మధ్యాహ్నము 2 గంటలకు, ఆమె కండ్లు మూతలు పడుచుండగా, ఆస్పత్రికి తీసికొనిపోయాము.

అక్కడి డాక్టరుగారు మొదట ఆమె వయస్సు అడుగలేదు. "ఈమెను చివరిసారి బాగా ఉండగా చూసింది ఎన్ని గంటలకు?" అని అడిగారు. చెప్పాము. ఆయన గోడమీది గడియారము వైపు చూచి మరేమియు అనలేదు.

నానీ ఆ తరువాత రెండేండ్లు జీవించినది. మమ్ములను గుర్తుపట్టేది, పేరు పెట్టి పిలువలేకపోయేది. వెంటనే తీసికొనిపోయి ఉన్నచో ఆమె తప్పక బాగుపడేదని మేము చెప్పజాలము. కాని ఆ అవకాశమును ఆమెకు లేకుండ చేసినది ఆమె వయస్సు కాదు, మా ఆలస్యము. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ గడియారపు చూపే మూలము.

పేరులోని అర్థము

పక్షము అనగా ప్రక్క. శరీరములో ఒక ప్రక్క పడిపోవుటను బట్టి మనవారు దీనికి పక్షవాతమని పేరు పెట్టారు. ఉర్దూలో దీనిని ఫాలిజ్ అంటారు. ఇది అరబ్బీ పదము. రెండుగా చీల్చుట అను అర్థముగల ధాతువు నుండి పుట్టినది. ఆంగ్లములోని స్ట్రోక్ అను పదమునకు దెబ్బ అని అర్థము. రెండు పేర్లు శరీరమునకు కలిగిన హానిని, ఒక పేరు అది వచ్చిపడు తీరును తెలుపుతున్నవి. కాని రోగము పుట్టుచోటు చేయి కాదు, కాలు కాదు, మెదడు. ఈ విషయము ఏ పేరులోను లేదు. అందుచేతనే కాబోలు, మన ఇండ్లలో మొదట చేతికి నూనె రాచుట జరుగుచుండును.

మెదడులో ఏమి జరుగును?

పక్షవాతము ప్రధానముగా రెండు విధములు. మెదడులోని రక్తనాళము పగిలి రక్తము చిమ్ముట ఒక విధము. రక్తపు గడ్డ అడ్డుపడి నాళము మూసికొనిపోవుట రెండవ విధము. రెండవదే ఎక్కువగా కనబడును. మన ప్రస్తుత విషయమును అదియే.

నాళము మూసికొనగానే దాని క్రింద ఉన్న మెదడు భాగమంతయు ఒక్కసారిగా నశించదు. నడుమనున్న కొంత భాగము త్వరగా చనిపోవును. దాని చుట్టునున్న భాగము పనిచేయుట మానివేసియు, ఇంకను ప్రాణముతోనే ఉండును. ప్రక్క నాళముల నుండి వచ్చు కొద్దిపాటి రక్తముతో అది కొన్ని గంటలు నిలువగలదు. దీనిని వైద్యులు పెనంబ్రా అంటారు. మనము అర్ధచ్ఛాయ అనవచ్చును. కాలువ తెగినపుడు చివరి మడిలోని పైరు వాడిపోయినను వెంటనే ఎండిపోనట్లే ఇదియును. నీరు తిరిగి అందినచో తలయెత్తును, ఆలస్యమైనచో ఎండును. చికిత్స యంతయు ఈ అర్ధచ్ఛాయను కాపాడుట కొరకే.

పెద్ద నాళము మూసికొన్నపుడు సగటున నిమిషమునకు 19 లక్షల నరకణములు నశించునని 2006లో ప్రకటించిన ఒక లెక్క తెలుపుతున్నది. ఈ వ్యాసములోని ఒక పుట చదువునంతసేపటిలో ఎంత నష్టము జరుగునో విద్యార్థులే లెక్క వేసికొనవచ్చును.

వృద్ధులలో ఈ గడ్డలు ఏర్పడుటకు ఒక ముఖ్య కారణము గుండె లయ తప్పుట. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అను ఈ స్థితి వయస్సుతోపాటు పెరుగును. గుండె పై గదులు సరిగా ముడుచుకొనక అదరుచుండుటచే అక్కడ రక్తము నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు కొట్టుకొనిపోవును. ఇట్టి గడ్డలు తరచుగా పెద్ద నాళములనే మూయును గనుక వృద్ధులలో పక్షవాతము తీవ్రముగా ఉండుట కద్దు.

గడ్డను కరిగించు మందు

రక్తస్రావమా, అడ్డంకియా అన్నది పైకి చూచి చెప్పుటకు అనుభవజ్ఞులకును సాధ్యము కాదు. సి.టి. స్కాన్ ఆ సందేహమును తీర్చినది. 1971లో లండనులో మొదటిసారి ఒక రోగి తలను ఈ యంత్రముతో చిత్రించారు. రక్తస్రావము లేదని తేలిన తరువాతనే గడ్డను కరిగించు మందు ఇయ్యవలెను. రక్తము కారుచున్నవానికి ఆ మందే మృత్యువగును.

1995లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధనలో 624 మంది రోగులు పాల్గొన్నారు. రోగము మొదలైన 3 గంటలలోపుగా ఆల్టెప్లేజ్ అను మందు ఇచ్చినచో, మూడు నెలల తరువాత లోపము లేకయో, స్వల్ప లోపముతోనో ఉన్నవారి సంఖ్య పెరిగినట్లు అందులో తేలినది. మరుసటి సంవత్సరము ఆ దేశములో ఈ మందునకు అనుమతి లభించినది. 2008లో ఐరోపా పరిశోధకులు ఈ గడువు నాలుగున్నర గంటల వరకు పొడిగింపవచ్చునని చూపారు. ఇటీవల టెనెక్టెప్లేజ్ అను మరియొక మందు కూడ వాడుకలోనికి వచ్చినది. ఆల్టెప్లేజ్‌ను గంటసేపు ఎక్కించవలసి యుండగా, దీనిని ఒకే సూదిగా ఇయ్యవచ్చును.

80 అను గీత

ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. 2008 నాటి ఆ ఐరోపా పరిశోధనలో 80 ఏండ్లు దాటినవారిని చేర్చుకొననే లేదు. 1995 నాటి పరిశోధనలోను అట్టివారు బహు కొద్దిమంది. ముసలివారి నాళములు పెళుసుగా ఉండును, మందు ఇచ్చినచో మెదడులో రక్తస్రావము కాగలదు, అన్న భయమే దీనికి హేతువు. ఆ భయము నిరాధారము కాదు. కాని ఫలితమేమయినది? పక్షవాతము ఎవరికి ఎక్కువగా వచ్చునో వారిని గూర్చియే ఆధారములు తక్కువగా ఉండిపోయినవి. ఆధారము లేదు గనుక మందు ఇయ్యరు. మందు ఇయ్యరు గనుక ఆధారము పుట్టదు. మా ఇంటిలోని పెద్దలు అన్న మాటనే కొంతకాలము వైద్యశాస్త్రము కూడ మరియొక భాషలో అన్నదన్నమాట.

ఈ చక్రమును ఛేదించినది 2012లో ప్రకటితమైన ఐ.ఎస్.టి.-3 అను పరిశోధన. ఎడింబరో నగరము కేంద్రముగా 12 దేశములలో ఇది జరిగినది. 3,035 మంది రోగులను చీటీలు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు 6 గంటలలోపుగా ఆల్టెప్లేజ్ ఇచ్చారు. పాల్గొన్నవారిలో 1,617 మంది 80 ఏండ్లు దాటినవారే.

ఫలితములను ఉన్నవి ఉన్నట్లు చెప్పుట న్యాయము. మొదటి 7 రోజులలో మందు పొందినవారిలో నూటికి 11 మంది, పొందనివారిలో నూటికి 7గురు మరణించారు. రక్తస్రావ భయము నిజమేనని దీనివలన తెలిసినది. కాని 6 నెలలు గడచునప్పటికి ఉభయ వర్గములలోను మరణములు సమానమైనవి. నూటికి 27 మంది. ఇతరులపై ఆధారపడక జీవించువారు మందు పొందినవారిలో నూటికి 37 మంది, పొందనివారిలో 35 మంది. ఈ తేడా స్వల్పమే. నిర్ణయాత్మకమని చెప్పుటకు చాలదు. అయినను, లోపముల తీవ్రతను మెట్లు మెట్లుగా కొలిచి చూచినపుడు మందు పొందినవారి స్థితి మెరుగుగా ఉన్నది. 3 గంటలలోపుగా మందు అందినవారికి మేలు అధికము. 80 దాటినవారికి కలిగిన మేలు చిన్నవారికి కలిగినదానికంటె తక్కువ కాలేదు.

2014లో 9 పరిశోధనలలోని 6,756 మంది వివరములను కలిపి లెక్కించారు. 3 గంటలలోపుగా మందు పొందినవారిలో నూటికి 33 మంది దాదాపు ఏ లోపము లేక కోలుకొన్నారు. పొందనివారిలో 23 మంది. 3 నుండి నాలుగున్నర గంటల నడుమ ఈ సంఖ్యలు 35, 30. అటుపిమ్మట తేడా దాదాపు లేకపోయినది. మందు వలన కలుగు ప్రాణాంతకమైన రక్తస్రావము నూటికి రెండు చొప్పున అదనముగా కనబడినది. 80కి లోపువారైనను, పైవారైనను, మేలు ఒకే తీరుగా ఉన్నది. మేలును తగ్గించినది వయస్సు కాదు, గడచిన గంటలు.

ఎవరితో ఎవరిని పోల్చవలెను?

ఇందులో ఒక తర్కసూత్రము ఇమిడి ఉన్నది. పక్షవాతము వచ్చిన 85 ఏండ్ల వృద్ధుడు 50 ఏండ్లవానివలె కోలుకొనలేడు. మందు ఇచ్చినను, ఇయ్యకున్నను ఇది సత్యము. దీనిని చూచి, ముసలివారికి చికిత్స వ్యర్థమనుట పొరపాటు. ఏలయన, మన యెదుట ఉన్న ప్రశ్న వృద్ధునకు, యువకునకు నడుమ ఎంపిక కాదు. మందు పొందిన వృద్ధుడు ఎట్లుండును, మందు పొందని ఆ వృద్ధుడే ఎట్లుండును అన్నదే ప్రశ్న. వయస్సు ఫలితము ఎట్లుండునో తెలుపును; చికిత్స పనికివచ్చునా లేదా అన్నదానిని అది ఒక్కటే తెలుపదు. ఈ రెండింటిని వేరు చేసి చూచుట తెలియకనే, దయగల మంచివారు కూడ హాని చేయుచుందురు.

గడ్డను బయటికి తీయుట

పెద్ద నాళములోని పెద్ద గడ్డను మందు ఒక్కొక్కప్పుడు కరిగింపలేదు. అట్టి తరి తొడ వద్దనో, మణికట్టు వద్దనో ధమనిలోనికి సన్నని గొట్టమును పంపి, మెదడు నాళము వరకు చేర్చి, గడ్డను పట్టి లాగుట లేక పీల్చివేయుట జరుగును. దీనిని థ్రాంబెక్టమీ అంటారు. 2015లో నెదర్లాండ్స్ దేశములో 500 మంది రోగులపై జరిగిన పరిశోధన దీని ప్రయోజనమును స్థాపించినది. 2016లో ఇట్టివి 5 పరిశోధనలు కలిపి 1,287 మందిని పరిశీలింపగా, 80 దాటినవారికిని స్పష్టమైన మేలు కనబడినది.

2018లో వెలువడిన డాన్ అను పరిశోధన మరియొక మెట్టు ఎక్కినది. రోగి చివరిసారి బాగుగా ఉన్నప్పటి నుండి 6 మొదలు 24 గంటల నడుమ వచ్చిన కొందరిని, మెదడులో ఇంకను రక్షింపదగిన భాగము మిగిలియున్నదని చిత్రములలో తేలినచో, చేర్చుకొన్నారు. గడ్డ తీసినవారిలో నూటికి 49 మంది మూడు నెలలకు స్వతంత్రముగా జీవించగలిగారు. తీయనివారిలో 13 మంది మాత్రమే. 80 దాటినవారిని ఇందులో నిరాకరింపలేదు. నశించిన భాగము 21 మిల్లీలీటర్లకు లోబడి ఉండవలెనని మాత్రము వారికి కఠినతరమైన కొలత పెట్టారు. తలుపు మూయుటకును, తలుపు వద్ద జాగ్రత్తగా చూచి లోనికి పంపుటకును గల భేదము ఇదియే.

24 గంటలు అన్నమాట విని తాపీగా ఉండరాదు. రోగులందరిలోను అంతసేపు అర్ధచ్ఛాయ నిలువదు. పైగా ఈ చికిత్స పెద్ద ఆస్పత్రులలోనే లభించును.

వృద్ధుల విషయములో విచారింపవలసినవి

వయస్సు అడ్డు కాదన్నంత మాత్రమున విచక్షణ వదలమని కాదు. రోగి నిన్నటి వరకు ఎట్లు జీవించినది వైద్యులు అడుగుదురు. తన పని తాను చేసికొను 88 ఏండ్ల మనిషికి, చాలకాలముగా మంచము పట్టి ఎవరిని గుర్తింపలేని 70 ఏండ్ల మనిషికి ఒకే నిర్ణయము ఉండదు. రక్తము పలుచబరచు మందులు వాడుతున్నారా, ఇటీవల శస్త్రచికిత్స జరిగినదా, ఇదివరలో మెదడులో రక్తస్రావమైనదా, ఇవన్నియు తెలియవలెను. రక్తపు పోటు 185/110కి దిగువకు తెచ్చిన పిదపనే కరిగించు మందు ఇయ్యవలెను. చక్కెర మిక్కిలి పడిపోయినపుడును పక్షవాతము వంటి లక్షణములు కనబడును గనుక, దానిని వెంటనే పరీక్షింపవలెను. లాభనష్టములను ఇంటివారికి తెలిపి, రోగి తెలివితో ఉన్నచో ఆ మనిషి ఇష్టమును అడుగుట కూడ అవసరము.

తరువాతి దినములు

కరిగించు మందు అందరికి అందదు. అందనివారి విషయములో చేయుటకేమియు లేదనుకొనుట మరియొక పొరపాటు. పక్షవాత రోగుల కొరకు ప్రత్యేకించిన వార్డులలో శిక్షణ పొందిన వైద్యులు, నర్సులు, వ్యాయామ చికిత్సకులు కలిసి పనిచేసినచో మరణములు, అంగవైకల్యము తగ్గునని అనేక పరిశోధనలు నిరూపించినవి. ఇది అన్ని వయస్సులవారికి వర్తించును.

మ్రింగు శక్తిని పరీక్షింపక నోటికి నీరైనను ఇయ్యరాదు. ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా కలిగించును. మా నానీకి పోసిన తేనె నీళ్ళు ఇట్టివే. రక్తస్రావము లేదని తేలిన రోగులకు మొదటి 48 గంటలలోపుగా ఆస్పిరిన్ ఇచ్చుట వలన వేయికి సుమారు 10 మందికి మరణమో, మరల పక్షవాతమో తప్పునని 1997లో ప్రకటితమైన రెండు పెద్ద పరిశోధనలు తెలిపినవి. కరిగించు మందు పొందినవారికి మాత్రము 24 గంటలు ఆగి ఇత్తురు. ఇంటిలో స్వయముగా ఆస్పిరిన్ ఇయ్యరాదు. అది రక్తస్రావమే అయి ఉండవచ్చును.

రోగిని కదలనీయక పడుకోబెట్టినచో పుండ్లు పడును, కాళ్ళలో గడ్డలు కట్టును. అట్లని మొదటి దినముననే బలవంతముగా ఎక్కువసేపు నడిపించుటయు మంచిది కాదని 2015 నాటి ఒక పరిశోధన హెచ్చరించినది. కొద్దికొద్దిగా, వైద్యుల సలహాపై కదిలింపవలెను. ముసలివారి కండ్లద్దాలు, వినికిడి యంత్రము వెంట తీసికొనిపోవలెను. అవి లేనిచో క్రొత్తచోట వారికి మతి చలించినట్లగును. గుండె లయ తప్పినవారికి, వైద్యులు తగునని నిర్ణయించినపుడు, రక్తము పలుచబరచు మందులు వాడినచో పక్షవాతపు ముప్పు చాల వరకు తగ్గును. ఇక్కడ కూడ ముసలివారని మానివేయుట పరిపాటి. వారికే ఆ రక్షణ ఎక్కువ అవసరము.

విద్యార్థులకు, కళాశాల కమిటీవారికి విన్నపము

విద్యార్థులారా! నాలుగు మాటలు గుర్తుంచుకొనుడు: ముఖము, చేయి, మాట, గడియారము. నవ్వమన్నపుడు మూతి ఒక ప్రక్కకు పోయినను, రెండు చేతులు ఎత్తమన్నపుడు ఒకటి జారినను, చిన్న వాక్యము చెప్పమన్నపుడు మాట తడబడినను, గడియారము చూచి వేళ వ్రాసికొనుడు. నిద్రలో వచ్చినచో, చివరిసారి బాగుగా చూచిన వేళయే లెక్క. కొద్దిసేపటిలో తగ్గిపోయినను ఉపేక్షింపరాదు; అది రాబోవు పెద్ద దెబ్బకు ముందు సూచన కావచ్చును. నోటికి ఏమియు ఇయ్యక 108కి ఫోను చేయుడు. ఈ వాహనములు 2005 నుండి మన ప్రాంతములో తిరుగుతున్నవి. సి.టి. స్కాన్ రాత్రింబవళ్ళు పనిచేయు ఆస్పత్రి మీ ఊరికి దగ్గరలో ఏది ఉన్నదో ఈ వారముననే తెలిసికొనుడు. ఇంటిలోని పెద్దలు వాడు మందుల పేర్లు ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటించుడు. మీ ఇంటిలో ఆంగ్లము చదువగలవారు మీరొక్కరే కావచ్చును. ఆ చదువు అక్కరకు వచ్చు రోజు ఇటువంటిదే.

కమిటీవారికి మా మనవి ఒక్కటే. పై నాలుగు మాటలను తెలుగులోను, ఉర్దూలోను ముద్రించి కళాశాల ఆవరణలో పెట్టించినచో, సంవత్సరమునకు ఒకసారి ఒక డాక్టరుగారిని పిలిపించి గంటసేపు చెప్పించినచో, ఖర్చు స్వల్పము, ఫలము ఘనము.

పెద్దలను గౌరవించుట మనకు ఎవరును నేర్పనక్కరలేదు. కాని వారు పడిపోయిన క్షణమున గౌరవము అనగా దుప్పటి కప్పి నిద్రపుచ్చుట కాదు, త్వరపడుట. ఎవరైన ముందుకు వచ్చి, "ఎనభై దాటినవి, ఇక ఎందుకు?" అన్నపుడు, మీలో ఒకరైనను లేచి, "వయసు సంగతి డాక్టరు చూస్తారు, ముందు బండి పిలవండి" అనగలిగినచో, ఆనాడు మేము అనలేకపోయిన మాట మీరు అన్నవారగుదురు.